కుడికాలి గేరు మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున మా బండి మాస్టారు పోయారు. కబురు అందేసరికి నేను కొండ మీది ఊళ్లో పసిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. మిగిలిన ఇద్దరికీ వేసే దిగాను. పని సగంలో వదిలి వస్తే ఆయనే కోప్పడేవారు.

పాడేరు చుట్టుపక్కల ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. సైన్యంలో మోటారుసైకిల్ మీద ఉత్తరాలు చేరవేసి, తర్వాత కొత్త జవాన్లకు బండి నేర్పి, రిటైరై వచ్చిన మనిషి. వేలంలో కొన్న పాత మిలటరీ బుల్లెట్ ఒకటి ఉండేది. సంత లేని రోజుల్లో సంత మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసి, దాని మీద తిప్పించేవారు. మొదటి వారం నన్ను ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వలేదు. బండిని పడుకోబెట్టడం, లేపడం, తొయ్యడం, అంతే. చేతులు పీకేవి. “నేను నర్సునండీ మాస్టారూ, జవాన్ని కాను” అంటే, “కొండకి ఆ సంగతి తెల్దు గుంటా, తొయ్యి” అనేవారు.

ఆ బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆసుపత్రి వాళ్లు నాకిచ్చిన కొత్త బండికి అంతా తిరగబడి ఉంది. జీపు ఎక్కని ఊళ్ల నుంచి గర్భిణులను దాని మీదే దించాలి. తెలుసు కదా, అలవాటైపోతుందనుకున్నాను. రెండోరోజే దిగుడులో కంగారుపడి, బ్రేకనుకుని ఎడమకాలితో గేరు తొక్కేశాను. నేనూ టీకాల పెట్టే వెళ్లి కాఫీ మొక్కల్లో పడ్డాం. దెబ్బ చిన్నదే. కానీ వెనక నిండు చూలాలు కూర్చుని ఉంటే? బండి తిరిగిచ్చేస్తానని మాస్టారికి చెప్పేశాను.

ఆయన “తప్పు నీది కాదు, నాది. నీ కాళ్లకి పాత బండి నేర్పీసినాను” అన్నారు. మర్నాడు బుల్లెట్‌కు గోనెపట్టా కప్పేసి మైదానానికి వచ్చారు.

“పద, ఇద్దరం నేర్సుకుందాం.”

డెబ్బై దాటిన మనిషి నాతో వంతులేసుకుని కొత్త బండి తిప్పారు. దారినపోయే జనం చూస్తుండగా రెండుసార్లు పడ్డారు. మోకాలికి కట్టు నేనే కట్టాను. కళ్లనీళ్లు తిరిగి నా చెయ్యి ఆగితే, “ఏటలా సూత్తన్నావు? బేగి కట్టు, ఇప్పుడు నా వంతు” అని గదిమారు. ఇవాళ్టిదాకా నా వెనక కూర్చున్న ఏ తల్లీ పడలేదంటే ఆయన అలా పడబట్టే.

నెల తర్వాత ఒకరోజు కడుపుకు తలగడ కట్టుకుని వచ్చి నా వెనక ఎక్కారు. “నాకు తొమ్మిదో నెల. కిందకి దించు” అన్నారు. మొదటి మలుపులో “అమ్మా, నడుం” అని మూలిగారు. రెండో మలుపులో “నెమ్మదమ్మా, లోపల గుంటడున్నాడు” అన్నారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆ తర్వాత మాట లేదు. ఏం తప్పు చేశానో అని భయపడుతూనే ఘాటీ రోడ్డు అడుగుకు వచ్చి బండి ఆపాను.

ఆయన నుదురు నా వీపుకు ఆనింది. ఇంకొకరు నడుపుతుంటే వెనక కూర్చోడానికే ఒప్పుకోని మనిషి, నిద్రపోతున్నారు. ఇంజిన్ ఆపితే లేచిపోతారని ఆపలేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించి, కదలకుండా అలాగే ఉండిపోయాను.