సువర్ణ మేడం ఇచ్చిన గొంతు

మొన్న సాయంత్రం ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే జేబులో ఫోన్ మోగింది. ఎత్తగానే సువర్ణ మేడం పలకరించారు. "నమస్కారమండీ! కీసర దగ్గర్లో, మీ కళ్ళ ముందే ఎదుగుతున్న వెంచర్‌లో, అన్ని అనుమతులున్న ప్లాట్లు..." చేతికర్ర మెట్టుకు ఆనించి అక్కడే ఆగిపోయాను. వెనక నుంచి ఎవరో "జర పక్కకు జరుగన్నా" అని విసుక్కున్నారు. 'ళ' పలికే ముందు మేడం నాలుక రెప్పపాటు తటపటాయించేది. 'కళ్ళ ముందే' అన్నప్పుడు ఆ తటపటాయింపు కూడా చెక్కుచెదరకుండా వినిపించింది. మేడం పోయి రెండేళ్ళు దాటింది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. మా నాన్న మల్లేశం జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో కుదిరాడు. మేం అద్దెకున్న ఇంట్లోనే పక్క వాటాలో సువర్ణ మేడం ఒక్కరే ఉండేవారు. సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. నేను వాకిట్లో కూర్చుని ఆమె పాఠం తయారు చేసుకోవడం వింటూ, మర్నాడు దాన్ని ఉన్నదున్నట్టు అప్పజెబుతుంటే ఒకరోజు ఆమె చెవిన పడింది. వెంటనే నాన్నను పిలిచారు.

"గీనికి సదువు యాడొస్తది మేడం? కండ్లే లేకపాయె" అన్నాడు నాన్న.

"చెవులున్నయి గద మల్లేశన్నా. నాకు నోరున్నది. ఇంకేం గావాలె?"

ఆ రోజు నుంచి నా పదో తరగతి దాకా, ఆ తర్వాత ఇంటర్‌లో కూడా, ఆమె బడి నుంచి వచ్చి చాయ్ తాగి నాకు చదివి వినిపించేవారు. ఒక్క ముక్క వదిలేవారు కాదు. బొమ్మ కింద రాసింది చదివేవారు, అచ్చుతప్పుంటే తప్పుగానే చదివి "ఇక్కడ తప్పు పడ్డది" అనేవారు. పరీక్షల ముందు ఒకసారి విసుగొచ్చి, ఇది పరీక్షకు రాదు, వదిలెయ్యండి అన్నాను. "ఏది గావాల్నో, ఏది వద్దో నువ్వు తేల్చుకో శ్రీశైలం. నేను తేల్చి దాపెడితే ఎట్ల? నీకు తెల్వను గూడ తెల్వదు గద" అన్నారు. ఆమె నాకు నేర్పిన పాఠాల్లో చాలా మటుకు మర్చిపోయాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

డిగ్రీలో చేరాక హబ్సిగూడలో చూపులేని వాళ్ళకు కంప్యూటర్ నేర్పే చోటికి వెళ్ళేవాణ్ణి. అక్కడ నరేశ్ పరిచయమయ్యాడు. ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో వచ్చి ఉచితంగా నేర్పేవాడు. అప్పట్లో కంప్యూటర్ ఇంగ్లిషును చక్కగా చదివి వినిపించేది గానీ తెలుగు పేజీ ముందుకు రాగానే గొంతులో కంకర పోసినట్టు గరగరలాడేది. తెలుగును మనిషిలా చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేస్తున్నానన్నాడు నరేశ్. లోపల ఏం రాశాడో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. కావలసిందల్లా గంటల కొద్దీ చదివే ఓపికున్న ఒక మంచి గొంతు. నేను అతణ్ణి తిన్నగా నాచారం తీసుకొచ్చాను.

ఆ ఎండాకాలం సెలవులన్నీ మేడం దానికే పెట్టారు. ఫ్యాక్టరీల చప్పుడు రాకుండా కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పొంతన లేని వాక్యాలు చదివేవారు. కొన్ని మాటలు పుస్తకాల్లోలా పలకమని నరేశ్ అడిగితే "నా నోట్ల ఎట్లొస్తే గట్లనే" అన్నారు. మొదలుపెట్టే ముందే అతను ఒక కాగితం చదివి వినిపించాడు. "మేడం, దీన్ని ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు గూడ. రేపు మనం వద్దన్నా ఆగదు. మంచిగ ఆలోచించుకోన్రి."

"అమ్ముకునేటోళ్ళు అమ్ముకోని. గీ పోరనికి పుస్తకం వినవడాలె. గసొంటోళ్ళు ఎంతమందున్నరో" అని సంతకం చేశారు.

ఆ గొంతుతోనే చదువుకుని నేను బ్యాంకు పరీక్ష గట్టెక్కాను. బోడుప్పల్‌లో ఒక అంధ బాలికల హాస్టల్‌కు ఆమెను తీసుకెళితే, ఆమె నోరు విప్పగానే పిల్లలంతా "కంప్యూటర్ మేడం!" అని చుట్టూ మూగారు.  తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా చెయ్యి వదల్లేదు.

తర్వాత ఒక పెద్ద కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుంది. అడగవలసిన పని లేదు, అడగలేదు. గొంతును ఇంకా నున్నగా చేసి ఫోన్లలో ఉచితంగా పెట్టింది. మేం స్వీట్లు పంచుకున్నాం. నరేశ్‌కు అందులోనే పెద్ద ఉద్యోగమిచ్చారు. ఇక పాతదాన్ని ముట్టుకోకూడదని అతనితో రాయించుకున్నారని ఆలస్యంగా తెలిసింది. అందరం కొత్తదానికి మారిపోయాం. కొత్త ఫోన్ వచ్చినప్పుడల్లా మరమ్మతు కావలసిన పాతదాన్ని పట్టించుకునే వాళ్ళు లేక అది మూలపడింది.

మేడం రిటైరైన కొంతకాలానికి గొంతులో కాన్సర్ అన్నారు. దవాఖానాలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆమెకు మాట లేదు, నాకు చూపు లేదు. మొదటిసారి చూడబోయినప్పుడు, ఎదురెదురుగా కూర్చుని ఏం చేస్తామా అని దారంతా భయపడ్డాను. ఆమె ఫోన్లో ఏదో టైప్ చేసిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతే పలికింది: "శ్రీశైలం, చాయ్ తాగుతవా?" నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ వేళ పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం వెళితే టైప్ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది గానీ మాట రావడం లేదు. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టారు. ఇకపై ఈ గొంతు వ్యాపార సంస్థలకు మాత్రమేనని, మామూలు జనానికి ఆపేశామని అందులో ఉందట. పక్కింటావిడ చదివి చెప్పింది. నా ఫోన్లోనూ ఆ గొంతు పోయింది. కంపెనీకి రాశాం. ఇది ఆమె గొంతేనని, ఇప్పుడామెకు వేరే గొంతు లేదని రాశాం. సానుభూతి తెలుపుతూ, మీరిచ్చిన అనుమతి ప్రకారమే నడుచుకుంటున్నామని జవాబొచ్చింది. నరేశ్‌కు ఫోన్ చేశాను.

"నా చేతుల ఏం లేదన్నా. పైనోళ్ళు తీసుకున్న ఫైసలా. అడిగిన, మస్తు సార్లు అడిగిన. నౌకరి పోతదన్నరు. నాకూ ఇద్దరు పిల్లలున్నరు" అన్నాడు. అబద్ధం చెబుతున్నాడనిపించలేదు. అతణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. పాతదాన్ని వెతికి తెస్తే కొత్త ఫోన్లో ఎక్కనే లేదు. ఎవరిదో ఒక మగ గొంతు దొరికింది. మేడం ఒక వాక్యం టైప్ చేసి, అది పలకడం విని, ఫోన్ పక్కన పెట్టేశారు. మళ్ళీ తీయలేదు.

నాకు తెలిసింది బ్రెయిల్ చుక్కలే. అచ్చు అక్షరాల ఆకారం తెలియదు. ముప్పై దాటిన వయసులో ఆమె నాకు మళ్ళీ అక్షరాభ్యాసం చేశారు, నా అరచేతిలో, చూపుడు వేలితో. తలకట్టు, గుడి, కొమ్ము. ఒక చిన్న మాటకు చాలాసేపు పట్టేది. తప్పు చదివితే అరచెయ్యి తుడిచి మళ్ళీ రాసేవారు.

జబ్బు తిరగబెట్టి మళ్ళీ దవాఖానాలో పడ్డప్పుడు, నేను పక్కన ఉండగా ఆమె ఫోన్ మోగింది. ఆమె ఎత్తారు. అందులోంచి ఆమె గొంతే మాట్లాడుతోంది, ఏదో బీమా పాలసీ గురించి, ఎంతో ఉత్సాహంగా. కట్ చేస్తారనుకున్నాను. చివరి మాట దాకా విన్నారు. ఆ తర్వాత ఆమె మెడ దగ్గరి గొట్టంలోంచి వచ్చే ఊపిరి చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేమీ వినిపించలేదు.

నేను అడిగాను. "మేడం, రేపు ఇంకెవరన్న వచ్చి గిట్లనే గొంతు అడిగితే ఏం చెప్పాలె? ఇవ్వమనాల్నా, వద్దనాల్నా?"

ఆమె నా చెయ్యి తీసుకున్నారు. 'ఇ' రాశారు. ఆగి, 'వ్వ' రాశారు. ఇంతలో నర్సు వచ్చి, "అమ్మా, సూది ఇయ్యాలె, చెయ్యి" అంటూ ఆ చేతినే అందుకుంది. మందుకు మేడం నిద్రపోయారు. మళ్ళీ తేరుకోలేదు, నా అరచేతిలో ఇంకేదీ రాయలేదు. ఇక మిగిలింది 'ఇవ్వు' అనడానికి ఒక్క కొమ్మో, 'ఇవ్వకు' అనడానికి 'కు' అనే అక్షరమో నాకు తెలియదు.

ఉప్పల్ దగ్గరి ఒక కాలేజీ పిల్లలు మళ్ళీ మొదటి నుంచి ఒక తెలుగు గొంతు తయారు చేస్తున్నారట. చదివే మనిషి కోసం తిరుగుతూ నా దగ్గరికి వచ్చి, బ్రెయిల్‌లో చదివి నా గొంతు ఇమ్మన్నారు. కాగితం కూడా తెచ్చారు. దాన్ని ఒక్క ముక్క వదలకుండా చదివించుకున్నాను. ఏం జరగగలదో అంతా చెప్పాను. "తెలుసన్నా, అయినా చెయ్యకుంటే ఎట్ల?" అన్నారు. ఆలోచించుకుంటానన్నాను. నిన్న మళ్ళీ ఫోన్ చేసి "ఏమనుకున్నరన్నా?" అని అడిగారు. ఎడమ అరచేతిని వేలితో రుద్దుకున్నాను. ఇంకా తెలియదని చెప్పాను.