గోపన్‌పల్లి నుంచి మాదాపూర్‌కు, చీనా కప్పుల కోసం

నార్సింగిలోని కొత్త ఫ్లాటులో పాలు పొంగించిన మర్నాడు పెట్టె తెరిస్తే చీనా కప్పులు లేవు. ఈ ప్రయాణం అందుకే. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇల్లు మారినప్పుడు పోయిన సామాను వెతుక్కునేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను.

అవి పిల్లలు ఆడుకునే చాయ్ కప్పులు, వాటితో ఒక కెటిల్. గుప్పిట్లో ఇమిడేంత చిన్నవి. తెల్ల పింగాణీ మీద నీలం వంతెన, పడవ. వెలుతురుకు పట్టుకుంటే వెనక వేలు కనిపించేది. వెనకటికి చీనాలో దొరల పిల్లల కోసం చేసి ఓడల్లో పంపేవారట. నేను పనిచేసిన ఇంటి బేగం సాహెబా అలా చెప్పి, వాటిని నా బిడ్డ లక్ష్మికి ఇచ్చారు. లక్ష్మి ఉత్త నీళ్లు పోసి, "కాలుతది, ఊదుకొని తాగమ్మా" అనేది. ఏడేళ్లకే జ్వరంతో పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. దాని చేతులు తగిలినవి ఆ కప్పులే మిగిలాయి.

కోడలిని అడిగాను. "కెటిల్ మూత పగిలింది గద అత్తమ్మా. పగిలినవి కొత్తింట్లకు తేవద్దని పంతులు చెప్పిండు. నెల కిందనే పాత సామాన్ల బండికిచ్చిన."

"పగిలింది మూత. కప్పులేం పాపం చేసినయే?"

"ఒక్క సెట్టు గద అని అన్నీ ఇచ్చిన."

ఎండ ముదరకముందే ఆటోలో మా పాత ఊరు గోపన్‌పల్లికి పోయి బండివాణ్ణి పట్టుకున్నాను. మాదాపూర్‌లో మొక్కల దుకాణానికి అమ్మానన్నాడు. గోపన్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. తర్వాత షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఆఫీసుల వేళ కాబట్టి బండ్లు కదలవు.

"ఏ ఆఫీసుల జేస్తవవ్వా?" అన్నాడు డ్రైవరు.

"మీ అయ్యకు ఆఫీసర్ను. ముందు జూసి నడుపు."

దుకాణంలో అద్దాల అర మీద రెండు కప్పులు దొరికాయి. వాటిలో మట్టి, ముళ్ల మొక్కలు. తిప్పి చూస్తే అడుగున తూటు.

"గీ తూటు ఎవరు పెట్టిన్రు?"

"మేమే పెట్టించామండి మామ్మగారూ," అంది దుకాణం అమ్మాయి. "నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లిపోతుందండి."

"తూటు పెట్టినంక గిది కప్పెట్లయితది బిడ్డా?"

మొక్కలు ఆమె చేతిలో పెట్టి కప్పులు నేను తీసుకున్నాను. కెటిల్, మిగతా కప్పులు ఎదురు మేడలోని ఆఫీసువాళ్లు మొక్కలతో సహా బల్లల మీదికి కొన్నారని చెప్పింది.

ఆ మేడ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "ఎవల కోసం వచ్చినవవ్వా?"

"నా బిడ్డ కప్పులు లోపలున్నయి."

"మనిషి పేరు చెప్పాలె. ఆయన ఫోన్ జేస్తేనే పంపుత."

చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరే ఉంది. ఆ పేరుగల మనిషి ఫోన్ చేయదు. పొద్దు వాలేదాకా నిలబడి తిరిగొచ్చాను.

పగిలింది ఇంట్లో ఉంటే అరిష్టమట. బిడ్డను సాగనంపిన ఇంటికి కొత్తగా వచ్చే అరిష్టమేమిటో ఏ పంతులైనా నా ముందుకొచ్చి చెప్పమనండి. ఆ అద్దాల మేడలో ఎవరో రోజూ నా బిడ్డ కెటిల్లో నీళ్లు పోస్తున్నారు. అది ఎవరిదో వాళ్లకు తెలియదు, ఏ అంతస్తులో ఉందో నాకు తెలియదు. ఇక దొరకదు.

మాదాపూర్ ఆఫీసులకు పోయేవాళ్లకు ఒక్క మాట: లోపల పనిచేసే ఒక మనిషి పేరైనా తెలుసుకుని పోండి. వస్తువు కోసం వచ్చామంటే గేటు తీయరు.