గుమ్మడికాయ గుర్తు, కాలనీలో టీ

రిటైరైన రాజనీతిశాస్త్రం లెక్చరర్‌ని ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం కష్టం. ఈ కాలం పిల్లలకు రాజకీయం పట్టదని నేను కనపడ్డవాళ్లందరితో అంటుంటే, మా ఊరి చిన్న పత్రిక సంపాదకుడు విసిగిపోయి, వెళ్లి చూసి రాయండి మేడమ్ అన్నాడు. కోయంబత్తూరు వైపు వందల ఏళ్లుగా తెలుగిళ్లున్నాయి, అక్కడి పిల్లల్ని అడగమన్నాడు. నన్ను నాలుగు రోజులు తన ఆఫీసు గుమ్మం ఎక్కకుండా చేయడమే ఆయన అసలు ఉద్దేశమని నా అనుమానం.

విజయవాడలో సాయంత్రం ఆరుంబావుకు కేరళ వెళ్లే రైలెక్కాను. స్లీపర్, కింది బెర్తు. ఎదుటి బెర్తులో మదురైలో బట్టల కొట్టున్న కుర్రాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగేనట, చదవడం మాత్రం రాదట. ఎవరికి ఓటేస్తావని అడిగాను. "కొట్లో కూకున్నోనికి అన్ని కట్చీలోళ్లూ కస్టమర్లేనమ్మా. మనసులో ఒక కట్చి ఉండాది, దాన్ని బయట సెప్పేది లేదు," అని, నా నోరు మూయించడానికేమో ఇంత పులిహోర పెట్టాడు. పార్టీని అక్కడ కట్చి అంటారు. తెల్లవారాక ఈరోడ్‌లో దిగి వెళ్లిపోయాడు. నా మొదటి పరిశోధన పులిహోరతో ముగిసింది.

కోయంబత్తూరు చేరేసరికి తొమ్మిది. స్టేషన్ ఎదుట రెండు ఇడ్లీ, ఒక వడ, కాఫీ కలిపి డెబ్బై రూపాయలు. గాంధీపురం బస్టాండులో పదింటికి బస్సెక్కితే పదకొండుంబావుకు అన్నూరులో దించింది. పొద్దుటిపూట వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోకండి, ఎండంతా అటే కొడుతుంది.

నందిని స్కూటరు మీద వచ్చి నన్ను ఎక్కించుకుంది. సంపాదకుడి స్నేహితుడి కూతురు, ఇరవైనాలుగేళ్లు, కోయంబత్తూరు పీలమేడులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారం రోజులు సెలవు పెట్టి సొంత ఊళ్లో పంచాయతీ వార్డు మెంబరుగా నిలబడింది. ఇది తెలియగానే పిల్లలకు రాజకీయం పట్టదనే నా సిద్ధాంతానికి మొదటి దెబ్బ తగిలింది. వార్డు ఎన్నికకు పార్టీలుండవు, గుర్తులే. ఈమెకు గుమ్మడికాయ వచ్చింది. పోటీలో ఇద్దరే. పెద్దవీధి రెండుగా చీలిపోయింది గనుక ఊరి చివర కాలనీ ఎటు వేస్తే అటే గెలుపు. ఆ కాలనీవాళ్లు ఊళ్లోని తోటల్లో, మగ్గాల్లో, పారిశుధ్యంలో పనిచేసేవాళ్లు.

బస ఆమె మేనమామ రంగసామి గారింట్లో. అద్దె లేదు, ఆయన మాటలు వినాలి, అంతే. ఆయనకు తోటా పవర్‌లూమ్‌లూ ఉన్నాయి, ఎన్నికల లెక్కలన్నీ ఆయనవే. భోజనంలో ముద్దపప్పు, రసం, అప్పళం. నందిని తన కరపత్రం తమిళంలో చదివి తెలుగులో చెప్పింది. పేరు చివర కులం లేదు, మొదటి వాక్యమే అందరూ సమానమని. మా క్లాసులో నేను చెప్పిన పాఠంకన్నా బాగుంది, కాస్త అసూయ కూడా కలిగింది.

మధ్యాహ్నం మూడింటికి ప్రచారానికి బయలుదేరాం. రంగసామి గారు నిజం గుమ్మడికాయను చంటిబిడ్డలా ఎత్తుకుని నడిచారు. ముగ్గురు ఇల్లాళ్లు కిలో ఎంతని అడిగారు. ఒక కిరాణా కొట్టు ముందు ఆయన తమిళంలో దండాలు పెడుతూనే, నందినితో తెలుగులో, వీని ఓటు మనకి రాదు, నవ్వు దండగ చేసుకోవద్దు అన్నారు. కొట్టాయన చిరునవ్వుతో నమస్కారం చేశాడు. ఎవరికీ తెలియకుండా మాట్లాడుకోవడానికే ఇంట్లో తెలుగును కాపాడుకున్నామని రంగసామి గారు నాకు గర్వంగా చెప్పారు.

నాలుగున్నరకు కాలనీ చేరాం. మొదటి ఇంట్లో సెల్వి అనే అమ్మాయి, నందిని ఈడుదే, నర్సింగు చదువుతోంది. మమ్మల్ని చూడగానే మూడు కుర్చీలు తెచ్చి వేసింది. అరుగు మీద ఆమె అవ్వ కూర్చుని ఉంది. రంగసామి గారు నిండుగా నవ్వుతూ తెలుగులో నందినికి చెప్పారు: "ఓటు అడుగు, కూకోవద్దు. ఏమిచ్చినా తాగొద్దు. మనింటికి పోయి తాగుదాము."

నందిని తలూపింది. నేను చూశాను.

"తాగాల్సిన పని లేదండి. మా ఇంట్లో మాట్లాడేదీ తెలుగే," అంది సెల్వి.

అవ్వ నోట్లోని ఆకు పక్కకు నెట్టుకుని, తీరిగ్గా అంది: "ముప్పై ఏండ్లు మీ తోటలో పని సేసినాను సామీ. మీ ఇంట్లో మాట్లాడేదంతా విన్నాను."

రంగసామి గారి ముఖం చూడాలి. ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఏమేం మాట్లాడుకున్నారో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. గుమ్మడికాయ జారబోయి పట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా, నాకోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉందనీ, ఆయన మాట వినకముందు నుంచే నేనూ నిలబడే ఉన్నాననీ తెలిసింది. సిగ్గేసింది.

నందిని కళ్లు ఎర్రబడ్డాయి. కుర్చీలో కూర్చుని టీ అడిగింది.

"ఓటు కోసమైతే వద్దక్కా," అంది సెల్వి.

నందిని కరపత్రాల కట్టను చేతిసంచిలో పెట్టేసింది. "నేనూ తలాడించినాను. మీ వీధిలో ఓటు అడగను. టీ ఇవ్వు."

టీ వచ్చింది. నేనూ కూర్చున్నాను. రంగసామి గారొక్కరే నిలబడ్డారు. గ్లాసు అందుకోవాలంటే కాయ దింపాలి, కాయ దింపితే కూర్చోవాలి. చివరికి అవ్వే, "కాయి కింద బెట్టి కూకో సామీ, సేతులు నొస్తాయి," అంది. ఆయన కూర్చున్నారు. టీలో చక్కెర మరీ ఎక్కువైంది, ఎవరమూ అనలేదు. కాలనీలో మిగతా ఏ ఇంటికీ వెళ్లకుండా వెనక్కి వచ్చాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర రంగసామి గారు ఒకే మాట అన్నారు, గెలుపు పోయిందని. అది నిజమని నందినికీ తెలుసు. అయినా రెండు దోసెలు ఎక్కువే తింది.

మర్నాడు సాయంత్రం స్టేషనుకు నందినే తీసుకొచ్చింది. సెల్వి ఫోను చేసిందట. ఓటు సంగతి ఏమీ చెప్పలేదట, ఆదివారం మామ లేకుండా ఒక్కదాన్నే రమ్మందట, అడగాల్సినవి చాలా ఉన్నాయట. పోలింగుకు ముందు వచ్చే ఆదివారం అదొక్కటే, పెద్దవీధిలో తిరగాల్సిన రోజు. వెళ్తావా అన్నాను. వెళ్తానంది. ఓడిపోతే ఎలాగంటే, సెలవు వేస్టు అని నవ్వింది.

అలవాటు పోక నా చివరి ప్రశ్న అడిగాను, మీ తరానికి రాజకీయమంటే ఏమిటమ్మా అని. తిరిగి తనే అడిగింది: "మీ ఊర్లో మీరు ఎవరెవరి ఇండ్లల్లో టీ తాగినారు పెద్దమ్మా?"

రైలు కదిలింది. యాత్రాఫలం రాద్దామని తిరుప్పూరు దగ్గర నోటుబుక్కు తీశాను. పిల్లలకు రాజకీయం పడుతుందనీ, మనకే పట్టలేదనీ రాసి, కొట్టేసి, నేను టీ తాగిన ఇళ్లు గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. ముప్పై నాలుగేళ్లు సమానత్వం పాఠం చెప్పినదాన్ని. గూడూరులో తెల్లవారింది. అప్పటికి గుర్తొచ్చినవన్నీ మా వీధి లాంటి వీధుల్లోవే. ఒక్కటి మాత్రం వేరే. ఫస్టుక్లాసులో పాసైన శిష్యుడు పిలిస్తే మా ఊరి చివర కాలనీలో వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ గ్లాసు పట్టుకొచ్చి నిలబడితే, ఇప్పుడే తాగి వచ్చానమ్మా అన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచి నేను టీ తాగలేదు.