కూరకిచ్చిన అక్షరాలు

అంతర్వేది పల్లిపాలెం రేవులో ఏ పడవ ముక్కు చూసినా లోవరాజు చేతిరాతే కనపడుతుంది. మనిషి బక్కపల్చగా ఉంటాడు. భుజం మీద తువ్వాలుంటుంది గానీ, దాని అసలు రంగేమిటో ఇప్పుడు ఆయన భార్య అచ్చాయమ్మ కూడా చెప్పలేదు, అన్ని రంగుల మరకలు దాని మీద. చదువు ఐదో తరగతితో సరి. కానీ ఆయన పడవ మీద "వీరదుర్గ" అని రాశాడంటే ఎంత దూరంలో ఉన్నా అది ఎవరి పడవో ఒడ్డున నిలబడి చెప్పేయొచ్చు.

ఆయన అక్షరాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. పడవ ముక్కు పైకి లేచి ఉంటుంది కదా, దాని మీద నిటారుగా రాస్తే అక్షరాలు వెనక్కి పడిపోతున్నట్టు కనపడతాయట. తలకట్టు గాలి తగిలిన తెరచాపలా ఎగిరి ఉంటుంది. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో పడవలకి తారు పూసే పనికెళ్ళి, మిగిలిన రంగుతో సరదాగా తన పేరు ఒక పడవ మీద రాసుకున్నాడు. పడవగలాయన తిట్టడానికే వచ్చాడు. వచ్చి, అక్షరాలు చూసి, "ఒరే, నా పేరు కూడా రాయరా" అన్నాడు. ఆ రోజు పట్టిన కుంచె మళ్ళీ దింపలేదు.

పేరు రాస్తే కూలితో పాటు కూర చేప కూడా వస్తుంది. ఆ రేవులో పద్ధతే అంత. పడవ ఒడ్డుకి రాగానే తాడు పట్టి లాగినవాళ్ళకి, పలకరించినవాళ్ళకి, అటుగా వచ్చిన చుట్టాలకి బుట్టలోంచి ఒక గుప్పెడు తీసి "కూరకి" అని పెడతారు. అది వండుకోవాల్సిందే. దాన్ని తీసుకెళ్ళి బజార్లో అమ్మితే మళ్ళీ ఆ మనిషికి ఏ పడవవాడూ చెయ్యి చాపి ఇవ్వడు.

ఒక ఆదివారం మలికిపురం నుంచి షైనీ అనే అమ్మాయి సముద్రం చూడ్డానికి వచ్చింది. కృపానందం మాస్టారి కూతురు. ఇంట్లోనే కూర్చుని కంపెనీలకి డబ్బాల మీద బొమ్మలు, పేర్లు, లేబుళ్ళు తయారుచేస్తుంది. వచ్చిన పిల్ల సముద్రం వైపు చూడకుండా పడవల ముక్కుల వెంట తిరుగుతుంటే లోవరాజుకి గాభరా పుట్టింది.

"ఈ అక్షరాలు ఎవరు రాసేరండీ?"

"నేనేనండి. ఏవన్నా తప్పు పడిందాండి?"

"తప్పేంటి బాబాయ్ గారూ! వీటితో ఫాంటు చేద్దామండి. మీ అక్షరాలన్నీ కంప్యూటర్లో పెడితే, ఎవరు టైపు కొట్టినా మీ రాతే వస్తుంది."

"నేను పక్కన లేకపోయినానా?"

"మీరు పడుకున్నా వస్తుందండి."

పక్కనే వల చిక్కులు తీస్తున్న అచ్చాయమ్మ తలెత్తింది. "ఈయన పడుకున్నప్పుడు కూడా జరిగే పని ఇన్నాళ్ళకి ఒకటి దొరికిందమ్మా. తొందరగా కానివ్వు."

పని అనుకున్నంత తేలిగ్గా కాలేదు. షైనీ తెల్ల కాగితాలు తెచ్చి బల్ల ముందు కూర్చోబెడితే లోవరాజు చెయ్యి బిగుసుకుపోయింది. కూర్చుని రాసిన అలవాటు లేదు, కాగితానికి పడవ ముక్కూ లేదు. చివరికి ఇంటి వెనక బోర్లించిన పాత పడవకి తెల్లరంగు వేసి, దాని మీద రాయించి ఫోటోలు తీసుకుంది. గుణింతాలు, వత్తులు, అంకెలు, అన్నీ. "ఝ" దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఇది నేనెప్పుడూ రాయలేదండి. మా రేవులో ఏ పడవకీ ఈ అక్షరంతో పేరు లేదు."

"లేకపోతే ఇప్పుడు పెట్టండి బాబాయ్ గారూ."

పెట్టాడు. చెరిపాడు. మళ్ళీ పెట్టాడు. ఒక పూటంతా ఆ ఒక్క అక్షరంతోనే సరిపోయింది.

నెలలు గడిచాక షైనీ లాప్‌టాప్ పట్టుకొచ్చి అరుగు మీద పెట్టింది. ఫాంటుల వరసలో ఇంగ్లీషు పేర్ల మధ్యన "లోవరాజు" అని ఉంది. దాన్ని నొక్కి, "అచ్చాయమ్మ" అని టైపు చేసింది. తెర మీద అచ్చాయమ్మ పేరు ముందుకి వంగి, తెరచాపలెత్తి నిలబడింది.

లోవరాజు కుర్చీలోంచి లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "తస్సదియ్యా! నేను ముట్టుకోలేదే! అచ్చాయమ్మా, చూసేవా, నేను చెయ్యి కూడా పెట్టలేదు!"

"చూసేను. పెళ్ళైనప్పట్నుంచీ నువ్వు ఇంట్లో ఏ పనికీ చెయ్యి పెట్టింది లేదు గానీ, నా పేరు మాత్రం బాగా వచ్చింది."

షైనీ అప్పుడే కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. ఫాంటు అమ్మడమంటే అక్షరాలు అమ్మేసుకోవడం కాదట, వాడుకోవడానికి అనుమతి ఇవ్వడమట. దాన్నే లైసెన్సు అంటారు. ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకుంటారో చెప్పి దానికి తగ్గట్టు తీసుకోవాలి. వెబ్‌సైట్‌లో పెట్టాలన్నా, ఫోను యాప్‌లో పెట్టాలన్నా విడిగా అడగాలి. ఇంట్లో సరదాకి వాడుకోవడం వేరు, అమ్మే సరుకు మీద వేసుకోవడం వేరు. కొన్నవాళ్ళు ఫైలు తీసి పక్కవాళ్ళకి ఇవ్వకూడదు. ఆయన ప్రతిదానికీ "ఆయ్, ఆయ్" అన్నాడు. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి.

అదే వారంలో ప్రవీణ్ కుమార్ అనే ఆయన నుంచి కబురొచ్చింది. ఆయన రాజోలు దగ్గర రొయ్యల పచ్చడి తయారుచేసి ఊళ్ళూళ్ళకీ పంపుతాడు. సరుకు పేరు "ఏటిమొగ", అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. కొత్త సీసాలకి లేబులు వేయించుకోవాలని షైనీని అడిగితే, ఆమె లోవరాజు అక్షరాలు చూపించింది. ఆయన ఎగిరి గంతేశాడట. ఒక్కటే మాటన్నాడు: ఈ ఏడాదంతా ఈ అక్షరాలు ఇంకో పచ్చడి మీద కనపడకూడదు. అందుకు ఒప్పుకుంటే వచ్చే గురువారం రేవుకొచ్చి సంతకం పెడతానన్నాడు. ఇద్దరూ సరేనన్నారు.

తన అక్షరాలు సీసాల మీదెక్కి హైదరాబాదు కొట్లలోకి వెళ్తాయని తెలిశాక లోవరాజుకి కాలు ఒకచోట నిలవలేదు. ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ చెప్పాడు. ఆ ఊపులోనే ఒక పని చేశాడు.

రేవులో పడవలవాళ్ళందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, పేరు "మొగ కబుర్లు". గాలి ఎటుందో, ఏ పడవ ఎక్కడ ఆగిందో, ఏ చేప పడుతోందో అన్నీ అందులోనే. ఆ ఫాంటు ఫైలుని తన దగ్గర ఉంచుకోమని షైనీ ఆయన ఫోన్లో వేసింది. అబ్బులు అనే పడవాయన చేత పంపడం ఎలాగో నేర్చుకుని, లోవరాజు దాన్ని గ్రూపులో పెట్టేశాడు. కింద తన గొంతు కూడా పెట్టాడు: "మన రేవు అక్షరాలండి. అందరూ వాడుకోండి!"

మంగళవారం లోవరాజు అబ్బులు బండి వెనకెక్కి మలికిపురం వెళ్తుంటే రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ కనపడింది. "కరకరలాడే రొయ్యల వేపుడు, రొయ్యల పచ్చడి." అక్షరాలు ముందుకి వంగి, తలకట్లు ఎగరేసుకుని ఉన్నాయి.

"ఆపరా అబ్బులూ! ఆపు! నా అక్షరాలు!"

బండి ఆగకముందే దూకేశాడు. ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఫ్లెక్సీ కింద తోపుడుబండి దగ్గర వేపుడు తింటున్నవాళ్ళకి "ఇవి నావేనండి" అని చెప్పుకున్నాడు. ఆ ఫోటో పట్టలేని ఆనందంతో షైనీకే పంపాడు.

వెంటనే ఫోను మోగింది.

"బాబాయ్ గారూ, ఆ ఫైలు ఎవరికిచ్చేరు?"

"మనోళ్ళకేనమ్మా. గ్రూపులో."

"గ్రూపులోనా! అది పచ్చడి బండండీ! ప్రవీణ్ గారికి ఏం చెప్పేము మనం?"

అప్పుడు గానీ ఆయనకి వెలగలేదు. ఆ ఫ్లెక్సీ కొట్టింది మలికిపురంలో షాపున్న కనకరాజు, అబ్బులికి బావమరిది. గ్రూపులోంచి అబ్బులు, అబ్బులు నుంచి బావమరిది. అక్కణ్ణుంచి ఇంకెంతమందికో.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అచ్చాయమ్మ మాగ చేప పొలుసు తీస్తోంది. విషయమంతా విని కత్తిపీట మీంచి తల తిప్పకుండానే అందుకుంది.

"ఈ చేప ఎవరిచ్చేరు?"

"అబ్బులు. కూరకి."

"దీన్నిప్పుడు నేను రాజోలు తీసుకెళ్ళి అమ్ముకుంటే?"

"మతి పోయిందా నీకు? మళ్ళీ వాడి మొహం ఎలా చూస్తాం?"

"మరి నువ్వు కూరకిచ్చిన అక్షరాల్ని వాళ్ళు బజార్లో అమ్ముకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావేం? చెప్పు వాళ్ళకి! నోరుంది కదా, నా మీద లేస్తుంది కదా!"

లైసెన్సు గురించి షైనీ చెప్పిన మాటలన్నీ ఆ చేపతో లోవరాజుకి ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఫోను తీసి, గ్రూపు తెరిచి, నిలబడి మాట్లాడాడు.

"అందరికీ నమస్కారమండి, లోవరాజునండి. మొన్న నేను పెట్టిన అక్షరాలు కూరకిచ్చినవండి. మీ పడవలకి రాసుకోండి, మీ పిల్లల పుట్టినరోజు కార్డులు కొట్టుకోండి, మీ ఇష్టం. అమ్మకానికి మాత్రం కాదండి. సరుకు మీద వేసుకోవాలన్నా, షాపులో పెట్టి డబ్బుకి కొట్టాలన్నా మలికిపురం షైనీగారిని అడిగి లైసెన్సు తీసుకోవాలండి. ముందే చెప్పకపోవడం నాదే తప్పండి. ఈ మాట ఆ ఫైలు ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ పంపండి."

గ్రూపులో ఒకరి వెనక ఒకరు "ఆయ్", "ఆయ్ అండీ", "అలాగే మావయ్యా". ఎవరికీ మళ్ళీ వివరించాల్సిన అవసరం రాలేదు. షైనీకి వినిపిస్తే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నేను ఇంగ్లీషులో రాసుకున్న షరతులన్నీ ఇందులో ఉన్నాయండీ" అంది.

గురువారం ప్రవీణ్ కుమార్ కారు దిగాడు. ఆయనకి ఎవరో చెప్పకముందే లోవరాజు చెప్పేశాడు, పూసగుచ్చినట్టు. ప్రవీణ్ మొహం చిన్నబోయింది.

"ఊరంతా ఊరికే పంచేశాక నేనెందుకండి కొనడం? మీ మాట వినేవాడెవడు?"

షైనీ నోరు తెరవబోయింది. అంతలో ఒక బండి వచ్చి ఆగింది. దాని మీద కనకరాజు, వెనక చుట్టచుట్టిన ఫ్లెక్సీ.

"లోవరాజు గారూ, కోప్పడకండి. మా బావ ఇచ్చేడు కదా అని కొట్టేసేనండి. కూరకిచ్చినవని తెలీదు. దింపేసేను, చూడండి." ఫ్లెక్సీ ఇసకలో పెట్టాడు. "కానండీ, వచ్చినవాళ్ళందరూ ఆ పడవ అక్షరాలే కావాలంటున్నారు. లైసెన్సు ఎలాగండి?"

లోవరాజు ఒకసారి షైనీ వైపు చూశాడు. తువ్వాలు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ షాపులో కంప్యూటర్లెన్నండి?"

"రెండండి."

"అయితే రెంటికీ తీసుకోవాలండి. ఫైలు ఎవరికీ ఇవ్వకూడదు. మా అబ్బులు అడిగినా సరే. ఈ ఏడాది పచ్చడికి మాత్రం వేయకూడదండి, ఆ మాట ఈ బాబుగారికి ఇచ్చేం."

షైనీ తల పక్కకి తిప్పుకుని నవ్వాపుకుంది. ప్రవీణ్ కుమార్ మాత్రం ఆపుకోలేదు, పగలబడి నవ్వాడు. అయినా వ్యాపారస్థుడు కదా, మళ్ళీ అడిగాడు. "సరేనండి. ఎవడో తెలీనివాడు కొడితే?"

"కొడితే పట్టుకుని అడుగుతామండి, అడిగే హక్కు మనకుంది" అంది షైనీ. "ఎవరూ కొట్టరని మాత్రం నేను మాటివ్వలేను. అందుకే ఒక పని చేద్దామండి. మీ సరుకు పేరు ఫాంటుతో వద్దు, బాబాయ్ గారి చేత విడిగా రాయిద్దాం. ఆ రాత మీ ఒక్కరిదే అని కాగితం రాసుకుందాం. అది ఈ ఫైల్లో ఎక్కడా ఉండదు. మిగతా లేబులంతా ఫాంటుతో."

లోవరాజు అప్పటికే ఇంటి వెనక్కి నడుస్తున్నాడు. పాత పడవ మీద గుణింతాల పక్కన కాస్త తెల్లటి చోటుంది. నీలం రంగు కలిపాడు. రేవులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. "ఏటిమొగ" అని రాస్తూ, చివరి అక్షరం కొసని కిందకి లాగి, నది సముద్రంలో కలిసినట్టు వెడల్పుగా వదిలేశాడు. అలాంటి గీత ఆయన ఇంతకుముందు ఏ పడవకీ గీయలేదు.

ప్రవీణ్ కుమార్ జేబులోంచి పెన్ను తీసి, ఆ పడవ మీదే కాగితం ఆనించి సంతకం పెట్టాడు. మోచేతికి తడి నీలం అంటుకున్నా చూసుకోలేదు.

ఆయన బయల్దేరుతుంటే అబ్బులు పడవ వచ్చింది. అందరితో పాటు ప్రవీణ్ కుమారూ తాడు మీద ఒక చెయ్యేశాడు. అబ్బులు బుట్టలోంచి పెద్ద గుప్పెడు రొయ్యలు తీసి, సంచిలో వేసి ఆయన చేతికిచ్చాడు.

కారు కదులుతుంటే వెనకనుంచి అచ్చాయమ్మ కేకేసింది.

"బాబుగారూ, అవి కూరకండోయ్! పచ్చడి పెట్టి అమ్మేయకండేం!"