సముద్రం చూసి కొండకు పంపాను

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక నవంబరులో, నన్ను మా దీవుల ఉత్తర కొసన డిగ్లీపూర్ దగ్గర సాడిల్ పీక్ చెక్‌పోస్టుకు ఫారెస్టర్‌గా వేశారు. ఫారెస్టర్ అంటే గార్డుకు పైన, రేంజరుకు కింద; తిట్లు రెండు వైపుల నుంచీ. హిమాలయాలు ఎక్కినవాళ్లు మా శిఖరాన్ని చూసి నవ్వుతారు. కానీ ఇక్కడ ఎక్కడం సముద్రమట్టం నుంచే మొదలు. ముందు తీరం వెంట నడక, తర్వాత ఒక నాలా, అంటే కొండవాగు, ఆపైన వేళ్లూ ఎర్రమట్టీ. జనవరి వస్తే దారి ఎండుతుంది. నవంబరును మాత్రం నమ్మడానికి లేదు. పర్మిట్ చూసి, రిజిస్టరులో పేర్లు, టైము, వాతావరణం రాసి గేటు తెరవడం నా పని.

నేను ఈ దీవుల్లోనే, జంగ్లీఘాట్‌లో చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాన్న సముద్రం తూర్పు అంచు చూసి, వాన అంచనా కట్టి పడవ దింపేవాడు. ఆ చూపు నాకూ వచ్చిందని గర్వం ఉండేది.

ఆ ఉదయం మిడిల్ పాయింట్ అనే పేట నుంచి ఒక జంట వచ్చింది. వాళ్ల వెంట వచ్చిన గైడు అప్పన్న శిఖరం వైపు చూశాడు. "సార్, పైన కొండ మబ్బు టోపీ పెట్టుకుంది. ఆజ్ రెహనే దో, ఇవాళ్టికి వద్దు. నాలా పొంగితే ఇరుక్కుపోతాం" అన్నాడు. నేను సముద్రం చూశాను. పళ్లెంలో నీళ్లలా ఉంది. "పడవలోళ్ల బిడ్డకు వాన సంగతి నువ్వు చెప్తావా?" అని వేళాకోళం చేసి, రిజిస్టరులో 'సముద్రం ప్రశాంతం' అని రాసి గేటు తెరిచాను.

రెండింటికల్లా దిగాల్సినవాళ్లు దిగలేదు. గేటు దగ్గర చినుకు కూడా పడలేదు. తాడు భుజాన వేసుకుని గార్డుతో పరిగెత్తాను. పైన కురిసిన వానకు, పొద్దున పాదాలు తడిపిన నాలా ఛాతీ లోతున, ఎర్రగా ఉరుకుతోంది. ముగ్గురూ అవతలి గట్టున ఉన్నారు. నాలుగింటికి పోటు వచ్చి తీరం దారిని ముంచేస్తుంది, మా దీవుల్లో ఐదింటికే చీకటి. ఆ కంగారులో భర్త నీళ్లలోకి దిగాడు. రెండో అడుగుకే జారాడు. అప్పన్న కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. నీటి హోరులోనూ భార్య కేక వినిపించింది.

"బైఠో! కదలకండి!" అని అరిచాను. కూర్చున్నారు. కొండ నాలా ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగానే తగ్గుతుంది. అంతవరకూ ఆగగలగాలి. గంటన్నర ఒక మునిగిన రాయి మీదే కళ్లు పెట్టుకున్నాను. దాని తల బయటపడ్డాక తాడు విసిరి, రెండు గట్ల మీదా చెట్లకు కట్టి, ఒక్కొక్కరినే దాటించాం. తీరం దారిలో పోటు నీళ్లు నడుం దాకా వచ్చాయి. చీకటి పడుతుండగా గేటు చేరాం.

"భయ్యా, గైడు వద్దన్నా మమ్మల్ని ఎందుకు పంపారు?" అని ఆమె నిలదీసింది. నేను రిజిస్టరు తెరిచాను. అప్పన్న తడిసిన తాడు చుట్టి గోడకు తగిలించాడు.

వాళ్లు తిరిగొచ్చిన టైము రాయబోతే పొద్దుటి నా రాత కనిపించింది. అది అబద్ధం కాదు, ఆ రోజంతా సముద్రం ప్రశాంతంగానే ఉంది. దాని కింద 'గైడు వద్దన్నాడు, నేను పంపాను' అని రాసి సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా ఆ వాతావరణం గడిని అప్పన్నను అడిగాకే నింపాను.