జానీబీ హోటల్లో పొగ తాగరాదు

జమ్మలమడుగు పాత బస్టాండు పక్కన జానీబీ టీ హోటల్లో ఉన్నవి రెండే బల్లలు. ఎడమ గోడకు ఉన్న బల్ల మీద ఓబుళరెడ్డి పార్టీ వాళ్లు కూర్చుంటారు. కుడి గోడకు ఉన్నదాని మీద ఎదుటి పార్టీ మోషే, అతని మనుషులు. ఊళ్లో కొడవళ్లు లేచిన రోజుల్లో కూడా ఆ హోటల్లో ఒక్క గ్లాసు పగల్లేదు. జానీబీ ఇరవై ఏళ్లుగా ఎవరి పక్షమూ మాట్లాడకుండా నెట్టుకొచ్చింది. ఫలానా పార్టీ మనిషని పేరు పడితే రెండో బల్ల ఖాళీ అవుతుంది, తర్వాత పొయ్యి ఆర్పుకోవాల్సిందే.

రెండువేల ఎనిమిదిలో, పదిమంది మసిలే చోట పొగ తాగకూడదని రూలొచ్చింది. సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి 'పొగ తాగరాదు' అని రాసిన రేకు బోర్డు చేతికిచ్చి, కనపడేట్టు తగిలించకపోతే ఫైను వేస్తానని చెప్పి పోయాడు. జానీబీ మేకు ఉన్న చోట తగిలించింది. ఆ మేకు ఎడమ గోడకుంది.

మధ్యాహ్నం ఓబుళరెడ్డి వచ్చి బోర్డు చూశాడు. కూర్చోలేదు.

"ఏందక్కా ఇది? మా నెత్తిమీదనే కట్టినావే! బీడీలు మేమొక్కరమే తాగుతాండామా? ఆ పక్కోళ్లు అగరొత్తులు ఎలిగిస్తాండారా?"

కుడి బల్ల మీంచి మోషే నవ్వాడు. "ఎవురికి బుద్ధి సెప్పాల్నో అక్కకు తెలుసులేప్పా."

ఆ నవ్వు విని జానీబీ లోపల్లోపల లెక్క వేసుకుంది. బోర్డు కుడి గోడకు మారిస్తే మోషే లేస్తాడు. తీసేస్తే ఫైను. ముందు ఎవరిని బీడీ ఆర్పమన్నా తను రెండోవాళ్ల మనిషైపోతుంది.

గల్లాపెట్టె దగ్గర ఆమె మొగుడు హుమాయున్ బీడీ పీలుస్తూ ఇదంతా చూస్తున్నాడు.

"పీకి పారెయ్యే ఆ రేకు. మన గోడ, మన పొయ్యి. మన జాగాలో ఏం తాగాల్నో ఆ ఆఫీసోళ్లెవురు సెప్పేదానికి? ఇష్టం లేనోడు ఇంగో హోటలుకు పోతాడు."

అది ఆమెకూ న్యాయంగానే తోచింది. ఇరవై ఏళ్లు పొయ్యి పొగ పీల్చి దగ్గు తెచ్చుకుంటే ఏ ఆఫీసరూ వచ్చి అడిగింది లేదు. కానీ రెండు బల్లల వాళ్లూ ఆమె నోటివైపే చూస్తున్నారు. నేరుగా పోయి మొగుడి నోట్లో బీడీ లాగి బూడిదలో గుచ్చింది.

"మన గోడ కాదు, నా గోడ! మా నాయన నా పేరుతో రాసిచ్చిండేది. లైసెన్సూ నా పేరే. నా జాగాలో నేను వద్దంటాండా. తాగాల్నంటే బయటికి పో."

రెండు బల్లల వాళ్లూ గొల్లున నవ్వారు.

"హుమాయున్ మామా, నీకు ఈడ దిక్కే లేదంట కదప్పా!" అన్నాడు ఓబుళరెడ్డి.

"కట్టుకున్నోనికే లేదు, ఇంగ మనమెంత!" అంటూ మోషే తన బీడీ చెవి మీద పెట్టుకున్నాడు.

హుమాయున్ మూతి ముడుచుకుని స్టూలు తీసుకుని రోడ్డు పక్కకు పోయాడు. కాసేపటికి ఓబుళరెడ్డి వాళ్లు వచ్చి అతనికి ఎడమ పక్క, మోషే వాళ్లు కుడి పక్క నిలబడి బీడీలు అంటించారు. టీలు బయటికే పంపమన్నారు.

ముందు ఎవరి చేతికిచ్చినా మళ్లీ అదే గొడవ. జానీబీ ఆరు గ్లాసులూ ఒకే పళ్లెంలో పెట్టుకొచ్చి, మొగుణ్ని లేపి, పళ్లేన్ని ఆ స్టూలు మీద దించింది.

"ఎవురివి వాళ్లు తీసుకోండప్పా," అని లోపలికి పోయింది.