ఇంటి కారుకు అంత ఇంజన్ ఎందుకు

చెంగమ్మ కారు నేర్చుకునేనాటికి ఆమెకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. వాళ్ళ ఊరు వెంగల్‌లో ఆ వయసు ఆడవాళ్ళెవరూ అప్పటికి స్టీరింగు పట్టుకోలేదు. అయితే ఆమెకు బండి కొత్త కాదు. పుట్టింట్లో మగపిల్లలు లేకపోవడంతో తండ్రి ఆమెను చిన్నప్పుడే ట్రాక్టరు ఎక్కించాడు. మడి దున్నింది, వడ్లు పొన్నేరి మిల్లుకు తోలింది. పెళ్ళయ్యాక ఆ పని పోయింది. నడపవద్దని అత్తింట్లో ఎవరూ అనలేదు. నడపమని కూడా ఎవరూ అనలేదు.

భర్త వేలాయుధానికి కంటి నరం దెబ్బతినడంతో కథ మారింది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది గానీ పక్కనుంచి వచ్చేది కనబడదు, ఇక కారు నడపకండి అని డాక్టరు తేల్చిచెప్పాడు. వేలాయుధం ఇంటికొచ్చి తాళంచెవి టీవీ పక్కన పెట్టాడు. ఎవరికీ ఇవ్వలేదు, ఎవరినీ తీసుకోమనలేదు. వారం తిరగకుండానే చెంగమ్మ ఆ తాళంచెవి తీసుకుని తిరువళ్ళూరులో డ్రైవింగు బడికి వెళ్ళింది.

ఆ కారు అందరిళ్ళలో ఉండే మామూలు సెడానే. ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో రెండు బియ్యం మూటలు పడతాయి. ఒంటరిగా పోతే హాయిగా పోతుంది. మనుషులు నిండితేనే దాని బలం ఎంతో తెలుస్తుంది.

అది తెలిసింది తిరుత్తణి దారిలో. కొండమీద దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నారు. ముందు సీట్లో వేలాయుధం, వెనక అత్త కుప్పమ్మ, కూతురు మనస్వి, కుప్పమ్మ చెల్లెలు. ఎండ మండిపోతోంది, ఏసీ నడుస్తోంది. కనకమ్మ సత్రం ఊరు దాటాక ఒక ఇటుకల లారీ అడ్డం తగిలింది. దారి ఖాళీగా కనబడితే చెంగమ్మ కుడికి తిప్పి దాటబోయింది. పెడల్ అడుగంటా తొక్కింది. ఇంజన్ అరిచిందే గానీ కారు ముందుకు ఉరకలేదు. లారీ పక్కన సగందూరం వచ్చేసరికి ఎదురుగా బస్సు. వెనక్కి తగ్గుదామంటే అప్పటికే వెనకున్న కారు ఆ చోటు ఆక్రమించింది. బస్సు డ్రైవరు మట్టిలోకి దించాడు, లారీవాడు బ్రేకు వేశాడు. ఆ ఇద్దరి పుణ్యమా అని కారు మధ్యలోంచి బయటపడింది.

కొంతదూరం పోయాక చెంగమ్మ పక్కకు ఆపింది. కుప్పమ్మ వెనక కూర్చుని మురుగన్ పేరు తలుస్తోంది. వేలాయుధం నీళ్ళ సీసా మూత తీసి భార్య చేతికిచ్చాడు.

"ఇంకొంచెం లాగుంటే దాటేసుంటా బావా" అంది ఆమె.

"నీళ్ళు తాగు" అన్నాడు అంతే.

ఆనాటినుంచి చెంగమ్మకు అదే ధ్యాస. ఇంటినిండా జనం పోయే బండికి ఇంత చిన్న ఇంజన్ పెడతారా అని ఎవరు దొరికితే వాళ్ళతో అనేది. ఆ మాట ఎత్తినప్పుడల్లా వేలాయుధం లేచి పొలానికి వెళ్ళిపోయేవాడు.

మనస్వి తిరువళ్ళూరులో ఆ కారు కంపెనీ షోరూములోనే ఉద్యోగం చేస్తుంది. ఒకరోజు కంపెనీవాళ్ళు తమ కార్లు వాడుతున్నవాళ్ళను అక్కడికి పిలిపించారు. ఇదే సెడానుకు బలం ఎక్కువుండే టర్బో ఇంజన్ పెట్టి మరో రకం తేవాలా వద్దా అన్నది వాళ్ళకు తేలడం లేదట. మాట్లాడటానికి వచ్చిన దినకర్ అనే అధికారి తమిళంలో మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు కొందరు వెంటనే కావాలన్నారు. పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఒక బ్యాంకు ఉద్యోగి అన్నాడు. చెంగమ్మ తెలుగులో మాట్లాడేసరికి దినకర్ కూడా తెలుగులోకి మారాడు.

"నేను పందేనికి అడగలేదు సార్. బండి నిండా మనుషులుంటారు. లారీని దాటేటప్పుడు ఎదురు వరసలో ఉండేంతసేపూ గండమే. ఆ సేపు తగ్గించే ఇంజన్ ఇంటి బండికి కాకుంటే ఇంక దేనికి సార్?"

కొందరు తలలూపారు. అప్పుడు ఆమె పక్కనే కూర్చున్న వేలాయుధం లేచి నిలబడ్డాడు.

"వొద్దు సార్. అట్లాంటిది చెయ్యొద్దండి" అన్నాడు. "నాకు కేశవన్ అని తమ్ముడు ఉండినాడు. శానా మంచోడు. స్నేహితుడు కొత్త మోటారు సైకిల్ తెచ్చినాడని, ఒక తూరి నడిపి చూస్తానని పోయినాడు. వాడు ఎంత తిప్పితే అంత పోయింది అది. నిదానం బండైతే ఇంటికి వచ్చుండును. బలముండే ఇంజన్ చేతికిస్తే, మనిషి దాన్ని లారీ దాటేదానికి మాత్రమే వాడుకుంటాడని ఎవురు చెప్పగలరు సార్?"

దినకర్ ఇద్దరి మాటలూ పైవాళ్ళకు ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు.

చెంగమ్మ మాత్రం భర్త ముఖమే చూస్తూ ఉండిపోయింది. ఆమె కొత్త కోడలిగా వచ్చిననాడు "వదినా" అని మొదట పిలిచినవాడు కేశవన్. అతను చనిపోయినప్పటినుంచి వేలాయుధం నోట ఆ పేరు రాలేదు. ఇంట్లో ఎవరైనా ఆ పేరు ఎత్తినా ఊరుకునేవాడు కాదు. అలాంటిది ఊరూ పేరూ తెలియనివాళ్ళ ముందు నిలబడి చెప్పాడు. తను ఇంజన్ గురించి ఇన్నాళ్ళు మాట్లాడినప్పుడల్లా ఈ మనిషి ఎందుకు లేచి వెళ్ళిపోయేవాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు.

ఏడాది దాటాక కంపెనీ ఆ టర్బో రకాన్ని తెచ్చింది. తిరువళ్ళూరులో పెద్ద బోర్డు పెట్టారు. మనస్వి ఇంట్లో చెప్పబోతే చెంగమ్మ కళ్ళతోనే ఆపేసింది. అయితే ఒక సాయంత్రం కళ్ళంలో వేరుశెనక్కాయలు ఎత్తుతుండగా వేలాయుధమే మొదలుపెట్టాడు.

"మనస్విని అడిగినాను. శనివారం పోతే నడిపి చూడొచ్చంట."

"ఏంది?"

"ఆ కొత్త బండే."

చెంగమ్మ చేట కింద పెట్టింది. "నీకు ఇష్టం లేదు కదా బావా."

"ఇప్పుడూ లేదు. కానీ నువ్వు లారీ దాటే ప్రతి తూరీ నేను ఊపిరి బిగబట్టుకోని కూర్చుంటా ఉండా. నా కండ్లు బాగుంటే నేనే నడుపుదును. నడిపేది నువ్వు, బలం చాల్లేదని చెప్పేదీ నువ్వు. తమ్ముణ్ణి తలుచుకోని నీకు అడ్డం పడితే అది యాడి న్యాయం?"

శనివారం పూండి రోడ్డులో కారు బయల్దేరింది. వెనక సీట్లో మనస్వి కూర్చుంది. ముందు గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డంతా కమ్ముకుని పోతోంది. చెంగమ్మ దారి చూసుకుని పెడల్ తొక్కింది. కారు ఒక్క ఊపున దాటి మళ్ళీ ఎడమకు వచ్చేసింది.

"అయిపోయిందా?" అన్నాడు వేలాయుధం, వెనక్కి తిరిగి చూస్తూ.

ఆ తర్వాత రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ముందు దాటవలసింది ఏమీ లేదు. అయినా చెంగమ్మ మళ్ళీ తొక్కింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. చెట్లు గిర్రున వెనక్కి పోయాయి. ట్రాక్టరు మీద కూర్చున్న చిన్ననాటి తను, ఆపైన వంటింట్లో గడిచిన ఏళ్ళు, ఏవీ ఆమెకు గుర్తు రాలేదు. ఇంకొంచెం తొక్కింది.

"చెంగా" అన్నాడు వేలాయుధం. అరవలేదు. మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

ఆమె కాలు తీసేసింది. చెరువు కట్ట దగ్గర ఆపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు చెప్పిందే నిజం బావా. ఇప్పుడు దాటేదానికి తొక్కలేదు. ఇష్టమై తొక్కినాను. ఈ బండి మనకు వేండాం, వొద్దు."

వేలాయుధం ఆమెకేసి తిరిగాడు.

"బాగుండిందా?" అని అడిగాడు.

"శానా బాగుండింది" అంది. అంటూనే ఏడ్చేసింది.

"అయితే వాడికీ ఇట్లనే ఉండుంటాది" అన్నాడు అతను. "వాడు భయపడి భయపడి పోయినాడనే ఇన్నేండ్లూ అనుకుంటా ఉండా. సంతోషంగానే ఉండుంటాడేమో. పడే ముందర వరకూ."

వెనక కూర్చున్న మనస్వి ముందుకు వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. పుట్టకముందే పోయిన బాబాయి గురించి ఆ పిల్ల అప్పుడే మొదటిసారి అడిగింది. ఎట్లా ఉండేవాడు, ఏం చదివాడు అని. వేలాయుధం చెబుతూ పోయాడు. కాలువలో ఈత కొట్టి జ్వరం తెచ్చుకోవడం, పరీక్ష తప్పి మామిడి తోపులో దాక్కోవడం. కొన్ని చెంగమ్మకు కూడా తెలియనివే.

తిరిగి షోరూముకు వచ్చాక అతను ఆ కారే తీసుకుందామన్నాడు. చెంగమ్మ ఒప్పుకోలేదు. నామీద నాకే నమ్మకం లేదు బావా, అంది.

"తొక్కినాక నువ్వే చెప్పినావు కదా. దాచుకోలేదు. నాకు అది చాలు."

అట్లా ఆ కారు ఇంటికొచ్చింది. అయినా వాళ్ళ వాదన తెగలేదు. కంపెనీ ఆ ఇంజన్ పెట్టడం మంచిదేనా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెంగమ్మ మంచిదే అంటుంది, వేలాయుధం కాదంటాడు. ఆ కాదనడం కూడా ముందు సీట్లో కూర్చునే అంటాడు.

మొన్న ఊత్తుకోట సంతనుంచి వస్తూ అతను మాట మధ్యలోనే నిద్రపోయాడు. చూపు దెబ్బతిన్ననాటినుంచి కారులో అతను ఏనాడూ కునుకు తీయలేదు. చెంగమ్మ ఏసీ గాలి అతని ముఖం మీదకు కొట్టకుండా తిప్పి, గుంటలు తప్పించుకుంటూ మెల్లగా వెంగల్ దాకా నడిపింది. వెనక బండ్లవాళ్ళు హారన్ కొట్టి కొట్టి దాటిపోయారు.